అంకె అని రాసి ఉన్న చోట

హైదరాబాద్ వెళ్ళొచ్చానని తెలిసి మా ఏలూరులో అందరూ ఏమేం చూశావని అడుగుతున్నారు. నిజానికి ఏమీ చూడలేదు. వెళ్ళిన నాలుగైదు రోజులూ నాంపల్లి స్టేషనుకూ ఆబిడ్స్ కూడలికీ మధ్యనున్న కాస్త నేల మీదే తిరిగాం. నేను, తొమ్మిది నెలల మా పాప ఇందు, దాన్ని చూసుకోవడానికి తోడొచ్చిన మా పిన్ని. చార్మినార్ అటువైపు ఎక్కడో ఉందని బస్సుల మీద చదివాం, అంతే. అయినా ఈ ప్రయాణం గురించి రాయాలనిపించింది. పాప పడుకున్నాక దొరికే ఈ సమయంలో రాస్తున్నాను.

పాప పుట్టకముందు నేను ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేసేదాన్ని. ఆబిడ్స్‌లో ఒక చిన్న ఆఫీసు వాళ్ళు పిల్లల దవాఖానలకు ప్రోగ్రాము తయారుచేసి ఇస్తారు. బిడ్డ తూకం వేస్తే ఏ మందు ఎన్ని చుక్కలో లెక్క చూపిస్తుందది. దాన్ని ఈ మధ్య మార్చారు. సోమవారం దవాఖానలన్నిటికీ పంపాలి. పంపే ముందు బయటి మనిషి ఒకరు చదివి సరే అనాలని వాళ్ళ పద్ధతి. ఆ పని నాకు వచ్చింది. బాగా చేస్తే ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం ఇస్తామన్నారు. పాపను వదిలి వెళ్ళక్కర్లేని ఉద్యోగం కోసం ఆరు నెలలుగా వెతుకుతున్నాను. ఇదొక్కటే దొరికింది.

నాంపల్లి

దిగగానే పిన్ని ఆటో మాట్లాడింది. మా లాడ్జి పేరు చెబితే ఆటో అతను నవ్వాడు.

"గీడనే గదమ్మా, గా సందు తిరిగితె వచ్చేస్తది. గీ దానికి ఆటో ఎందుకు?"

"సామాను ఉందండీ. పిల్ల ఉందండీ. ఎంత తీసుకుంటారండీ?"

"అట్ల అండీ అండీ అనకమ్మా, నాకు భయమైతది. యాభై ఇయ్యి."

మా వైపు చిన్నపిల్లాణ్ణి కూడా అండీ అని పిలిచే ఇళ్ళున్నాయి. ఇక్కడ ఆ మాట వింటే తిరిగి చూస్తారు, ఏదో తప్పు చేశామా అన్నట్టు. పిన్ని మాత్రం ఆఖరు రోజు దాకా మానలేదు.

లాడ్జి గదిలో కిటికీ చువ్వల మధ్య ఎంత ఎడం ఉందో ముందు చూశాను. తర్వాత మంచం ఎత్తు. తర్వాత నీళ్ళు. కింద కూర్చున్న పెద్దాయన నన్ను గమనించి, "ఫికర్ చెయ్యకు మేడం, బిడ్డకు నీళ్ళు కాచి పంపిస్త" అన్నాడు. పంపించాడు కూడా. నేను వాటిని మళ్ళీ కాచాను. ఇంటి నుంచి తెచ్చుకున్న కెటిల్ ఉండడం ఎంత మేలో పిన్నికి అర్థం కాదు.

ఆబిడ్స్, మేడ మీద

ఆఫీసు ఒక తూకాల దుకాణం మీద ఉంది. కింద గాజు బీరువాలో ఇత్తడి రాళ్ళు, సూది కాంటాలు, కరెంటు కాంటాలు. దుకాణమూ ఆఫీసూ ఒకరివే. యజమాని రాజేశ్వర్ గారికి అరవై దాకా ఉంటాయి. నాలుగు తరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్న వ్యాపారస్థుల కుటుంబం.

"మా తాత రాళ్ళు అమ్మిండు. మా నాయిన కాంటాలు అమ్మిండు. నేను గివి అమ్ముతున్న" అని కంప్యూటర్ల వైపు చెయ్యి ఊపారు. "అన్నీ తూకం పనే బిడ్డా. కూసో."

ఆ ఆఫీసులో ప్రోగ్రాము అంతా ఒకే అమ్మాయి చేతి మీద నడుస్తోంది. పేరు శ్రీలత. వాళ్ళ తాతగారు 1956లో రాష్ట్రం ఏర్పడినప్పుడు గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ గుమాస్తాగా చేరారట. "గాడికి పోతె హైదరాబాదోళ్ళు అంటరు, గీడ గుంటూరోళ్ళు అంటరు. నేను యాడికి వోయినా పక్కూరిదాన్నే అక్కా" అని నవ్వింది. వచ్చిన పది నిమిషాల్లో ఇందు ఆమె ఒళ్ళో ఉంది.

చదువుతున్నవాళ్ళకు ఇక్కడ కొంచెం చెప్పాలి. కంప్యూటరు దగ్గర ప్రతిదానికీ ఒక రకం ఉంటుంది. 2 అనేది లెక్కకు పనికొచ్చే అంకె కావచ్చు. లేదా గోడ మీద రాసిన అక్షరంలాంటి 2 కావచ్చు. మనకు రెండూ ఒకటే, యంత్రానికి కావు. ఏ చోట ఏ రకం వస్తుందో ముందే రాసి తీరాలని కొన్ని భాషలు పట్టుబడతాయి. కొన్ని ఏమీ అడగవు. శ్రీలత వాళ్ళ ప్రోగ్రాము ఉన్న పైథాన్ అడగని భాష. తొందరగా రాసుకోవచ్చు కానీ ప్రోగ్రాము పెద్దదయ్యేకొద్దీ ఎక్కడ ఏముందో రాసినవాళ్ళకే తెలియకుండా పోతుంది.

ఇప్పుడు మధ్యదారి ఒకటి వచ్చింది. తెలిసిన చోట రకం రాస్తాం, తెలియని చోట అలాగే వదిలేస్తాం. పాత ప్రోగ్రాము నడుస్తూనే ఉంటుంది, కొంచెం కొంచెంగా గట్టిపడుతుంది. గ్రాడ్యువల్ టైపింగ్ అంటారు. నేను మా పాపకు అన్నం అలవాటు చేస్తున్నదీ ఇలాగే. పాలు మాన్పించకుండా రోజుకో ముద్ద. రాసినవన్నీ ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూడడానికి వేరే ఒక తనిఖీ ప్రోగ్రాము ఉంటుంది. పొసగకపోతే ఎర్రగీత, అన్నీ సరిపోతే పచ్చ.

"చూడక్కా, ఒక్క ఎర్రగీత లేదు" అంది శ్రీలత తెర చూపించి. "దీని కోసం సచ్చి బతికిన."

తెలియని చోట్ల రకం దగ్గర 'ఏదైనా సరే' అన్న అర్థం వచ్చే మాట రాయాలి. అలా రాస్తే తనిఖీ అక్కడికి వచ్చి నోరు మూసుకుంటుంది. ఈ ఆఫీసులో ఆ మాట పక్కన 'జర ఆగు' అని రాసుకునే అలవాటుంది. తర్వాత వచ్చి చూస్తాం అని. పాత ఫైళ్ళ నిండా జర ఆగు, జర ఆగు. అన్నం వద్దనుకున్నప్పుడు ఇందు చెయ్యి అడ్డం పెట్టినట్టు కనిపించాయి నాకు.

చుక్కల లెక్క ఉన్న చోటు మాత్రం శుభ్రంగా ఉంది. తూకం దగ్గర 'అంకె' అని రాసి ఉంది. పాత ప్రతిలో అక్కడ ఇంకో వాక్యం ఉండేది, తూకం ఏ రూపంలో వచ్చినా దాన్ని అంకెగా మార్చేది. కొత్తదాంట్లో లేదు. ఎందుకని అడిగాను.

"ఆడ అంకె అనే రాసినం గదా. అంకెను మళ్ళ అంకె జేసుడేంది? తీసేసిన."

సబబుగానే తోచింది. తనిఖీ కూడా పచ్చగానే ఉంది. ముందుకు చదువుకుంటూ పోయాను.

మొజంజాహి మార్కెట్ దగ్గర

మర్నాడు పొద్దున టిఫినుకు ఖిచిడీ, ఖట్టా పెట్టారు. పసుపుపచ్చటి అన్నం, పక్కన నువ్వుల పులుసు, అప్పడం. పిన్ని చాలాసేపు చూసింది.

"ఇది పులగం కదే. పొద్దున్నే పులగం తింటారా వీళ్ళు? ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

వడ్డించేవాడు విన్నాడు. "బాగున్నోళ్ళే తింటరమ్మా. గిది తినే మేం బాగున్నం." పిన్ని మారు వడ్డించుకుంది. పాపకు మెత్తగా నలిపి రెండు ముద్దలు పెట్టింది, కారం లేదు కదా అని. నాకు ప్రాణం గిలగిల్లాడింది. అయితే అది తిన్నది. ఇంట్లో ఏది పెట్టినా ఊసే పిల్ల.

ఇందు తూకం గురించి నాకు ఎప్పుడూ ఒక బెంగ. ఏడో నెలలో పెరగలేదు, ఎనిమిదో నెలలో పెరగలేదు. మా డాక్టరుగారు పరవాలేదన్నారు. పరవాలేదు అనే మాట పగలు వింటే ధైర్యంగా ఉంటుంది.

మధ్యాహ్నం రాజేశ్వర్ గారి భార్య ఇంటి నుంచి సర్వపిండి పంపించారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకే తట్టి కాలుస్తారట. మా తప్పాల చెక్కకు చుట్టమే అని పిన్ని తేల్చింది. తింటుండగా ఆయన మాట ఎత్తారు.

"నీది నాకు సమజైంది బిడ్డా. మంచిగ చదువుతున్నవ్. రేపు సాయంత్రం సరే అను. నీ సరే రాంగనే నీ నౌకరి కాయితం గూడ తయారు."

నేను ఆ రోజే సరే అనేదాన్ని. అయితే తూకాలు ఎక్కడి నుంచి వస్తాయో ఒకసారి చూడాలనిపించింది. పాత ఫైళ్ళన్నీ జర ఆగు అంటున్నాయి కాబట్టి వెళ్ళి చూడడం తప్ప దారి లేదు.

దవాఖాన

నాంపల్లి కోర్టుల వెనక సందులో ఒక చిన్న పిల్లల దవాఖాన. అక్కడ పక్క బల్ల మీద కొత్త ప్రోగ్రాము మచ్చుకు పెట్టి ఉంచారు. నిజం మందులు ఇంకా పాత తెర చూసే రాస్తున్నారు. శనివారం వెళ్ళాను. పిన్నీ ఇందూ కూడా వచ్చారు, గదిలో ఉక్కగా ఉందని.

నర్సు సత్తెమ్మగారు పెద్ద గొంతు మనిషి. లైనులో ఉన్న తల్లులందర్నీ పేరుపెట్టి పిలుస్తోంది, లేదా తిడుతోంది. "ఓ కవితా, బిడ్డకు గన్ని బట్టలా? బట్టల తూకం రాయమంటవా?"

ఇందును చూసి చేతులు చాచింది. "గీమెను గూడ తూస్త తే." కరెంటు కాంటా చార్జింగు అయిపోయి మూల పెట్టి ఉంది. సూది కాంటాలో పడుకోబెట్టింది. సూది ఊగి ఊగి నిలబడింది. ఎనిమిది.

ఎనిమిది కిలోలు! ఏడున్నర దగ్గర రెండు నెలలు ఆగిపోయిన పిల్ల. పిన్ని అక్కడే దిష్టి తీసేసింది, వట్టి చేతులతో.

"మీ కొత్తదాంట్ల కొట్టి సూద్దాం" అని సత్తెమ్మగారు మచ్చు తెర మీద ఎనిమిది అని చేత్తో కొట్టింది. కిలోకు రెండు చుక్కల మందు ఎంచింది. తెర మీద అంకె వచ్చింది.

88.

"అమ్మో! ఎనభై ఎనిమిది చుక్కలా? సీస నోట్ల బోర్లిచ్చుడే ఇగ!" లైనంతా నవ్వింది. పిన్ని నవ్వింది. నేనూ నవ్వాను. కరెంటు కాంటా తీగ పెట్టి మళ్ళీ తూచాం. అప్పుడు సరిగ్గా పదహారు వచ్చింది. చేత్తో కొడితే మళ్ళీ ఎనభై ఎనిమిది.

అప్పుడు తెలిసింది. కాంటా నుంచి నేరుగా వచ్చే తూకం అంకె. చేత్తో కొట్టేది అక్షరం, అది జర ఆగు అని ఉన్న పాత ఫైలులోంచి వస్తుంది కాబట్టి తనిఖీకి చిక్కలేదు. అక్షరాన్ని రెండుతో గుణించమంటే పైథాన్ తప్పని చెప్పదు. ఆ అక్షరాన్నే రెండుసార్లు పక్కపక్కన పెడుతుంది. ఎనిమిది, ఎనిమిది. పాత ప్రతిలో ఉన్న ఆ ఒక్క వాక్యం దాన్ని అంకెగా మార్చేది. అంకె అని రాశాం కదా అని దాన్ని తీసేశారు.

"సిస్టర్, రెండు కిలోలు అని కొట్టండి" అన్నాను.

కొట్టింది. నాలుగు రావాలి. 22 వచ్చింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. సత్తెమ్మగారు తెర వైపు చూస్తూ గొంతు తగ్గించింది. "పదకొండు కిలోల పిల్లలకు గీ ఇరవై రెండే రాస్తం. పొద్దుగాల నుంచి ముగ్గురికి రాసిన. గిది తప్పని నాకేడ తెలుస్తది?"

ఎనభై ఎనిమిదిని ఎవరైనా పట్టుకుంటారు. ఇరవై రెండు రోజూ కనిపించే అంకె. దాన్ని ఎవరూ ఆపరు. రెండు కిలోల బిడ్డ అంటే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. నేను ఇందును తీసుకుని బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

మెట్రో గేటు

సాయంత్రం స్టేషను వైపు నడుస్తుంటే మెట్రో మెట్ల పక్కన వాన తగులుకుంది. పైకెక్కి నిలబడ్డాం. ఎదురుగా గేట్లు. టికెట్టు ఆనిస్తేనే తెరుచుకుంటాయి. దిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ ఆనించాలి. అవతల పాత స్టేషనులో లోకల్ రైలు ఎక్కడానికి ఇలాంటి గేటు లేదు. టికెట్టు కొనమని బోర్డు ఉంటుంది, ఎవరైనా వచ్చి అడిగితే చూపించాలి.

రకాలు రాసిన ప్రోగ్రామూ రాయని ప్రోగ్రామూ కలిసే చోట కొన్ని భాషలు తామే ఇలాంటి గేటు పెడతాయి. రాయని వైపు నుంచి వచ్చినదాన్ని అక్కడే ఆపి చూస్తాయి. తప్పుడుది వస్తే ఎటు నుంచి వచ్చిందో కూడా చెబుతాయి. పైథాన్ పెట్టదు. అందులో అంకె అని రాయడం బోర్డు పెట్టడమే. ఆఫీసులో కూర్చున్న తనిఖీ ఆ బోర్డు చదివి సంతోషిస్తుంది. ప్రోగ్రాము నడిచేటప్పుడు అక్కడ ఎవరూ ఉండరు. పాత ప్రతిలో బోర్డు లేకపోయినా ఒక మనిషి నిలబడి ఉండేవాడు. బోర్డు వచ్చింది కదా అని ఆ మనిషిని పంపించేశారు.

శ్రీలతకు ఫోను చేసి చెప్పాను.

"నేను తీసిందేనా అక్కా?"

"ఆఁ."

"పచ్చగుంది గదా అని నమ్మిన" అంది.

ఆదివారం పుస్తకాలు

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి. మూసిన షట్టర్ల ముందు పేవ్‌మెంటు పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. పిల్లల బొమ్మల పుస్తకాలు, పరీక్షల పుస్తకాలు, కాలం చెల్లిన కంప్యూటరు భాషల పుస్తకాలు గుట్టలుగా. ఇందు కోసం అట్టల పుస్తకం ఒకటి ముప్పై రూపాయలకు కొన్నాను. మా ఊళ్ళో ఇలాంటివి కొత్తవే దొరకవు.

రాజేశ్వర్ గారు అక్కడికే వచ్చారు. నిన్న సరే రాకపోవడంతో ఆయన ముఖం మామూలుగా లేదు. అంతా విన్నారు.

"తీసిన వాక్యం మళ్ళ పెట్టు. అయిపాయె."

"అది పెడితే ఈ ఒక్క మందుకు సరిపోతుందండీ. పాత ఫైళ్ళ నుంచి ఇంకా ఎన్ని వస్తున్నాయో మనకు తెలీదు. తూకం లోపలికొచ్చే చోటే ఆపి చూడాలి. అంకె కాకపోతే ముందుకు పోనివ్వకూడదు."

"ఆపి చూసుడంటే ఆగిపోతది. గాడ లైన్ల తల్లులుంటరు. ఇన్నేండ్లల్ల మా ప్రోగ్రాం ఒక్కనాడు ఆగలే, ఎరికేనా? తూకం తప్పొచ్చిందని అన్నోడు లేడు, కంప్యూటర్ ఆగిందని అందరంటరు."

"ఆగనివ్వండి."

"నీకేం బిడ్డా, నువ్వు రైలెక్కి పోతవ్." ఒక పుస్తకం తీసి, చూడకుండా పెట్టేశారు. "ఇంతకు తప్పు ఎవరిది? శ్రీలతదా? నర్సుదా?"

"గేటుంటే గేటే చెప్పేది. లేదు కాబట్టి ఎవరిదని చెప్పలేం."

"నువ్వు సరే అంటవా అనవా?"

పిన్ని కొంచెం అవతల ఇందును ఎత్తుకుని బొమ్మలు చూపిస్తోంది. ఆ ఉద్యోగం పోతే నేను ఎనిమిది నుంచి ఆరు దాకా ఎక్కడో కూర్చుని, ఇది తిన్నదో లేదో ఫోనులో అడుగుతూ ఉంటాను. అదంతా ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చింది. ఇరవై రెండు కూడా వచ్చింది.

"ఇలా అయితే అనలేనండీ."

ఆయన జేబులోంచి ఫోను తీసి శ్రీలతను రమ్మన్నారు. ఆమె అప్పటికే మేడ మీద ఉంది. పొద్దున్నే వచ్చేసిందట.

ఆ పగలంతా ముగ్గురం కూర్చున్నాం. చేత్తో కొట్టిన తూకాన్ని అంకెగా మార్చి, మారనిదాన్ని ఆపేసే గేటు శ్రీలతే రాసింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. తూకాలు వచ్చే పాత ఫైలులో జర ఆగు ఉన్న ప్రతి చోటుకూ వెళ్ళి, అక్కడ నిజంగా ఏం వస్తుందో చూసి రాసింది. రాస్తున్నకొద్దీ పచ్చగా ఉన్న తెర మీద ఎర్రగీతలు ఒకటొకటిగా లేచాయి. "ఇన్నొద్దులు యాడ దాక్కున్నయే మీరు" అని వాటితో మాట్లాడింది. ఇందు నేల మీద పాకుతూ ఇత్తడి రాయి నోట్లో పెట్టుకోబోతే రాజేశ్వర్ గారు లాక్కుని, తడి తుడిచి, తానే ఎత్తుకుని తిప్పారు. చీకటి పడేముందు, మిగతా దవాఖానలకు ఈ వారం పంపట్లేదని, నాంపల్లిలో ఒక్కచోటే పెడుతున్నామని చెప్పారు. ఉద్యోగం మాట ఎత్తలేదు. ఇవాళ్టికీ ఎత్తలేదు.

సోమవారం, లైను

మధ్యాహ్నం మా రైలు. పొద్దున దవాఖానలో ఒక మూల నిలబడ్డాను. గంటసేపు ఏమీ జరగలేదు. కాంటా తూచింది, తెర చూపించింది, సత్తెమ్మగారు రాసింది. మధ్యలో కరెంటు కాంటా మళ్ళీ మొరాయించింది. సూది కాంటా తీసింది.

అప్పుడు వచ్చిందామె. ఇరవై ఏళ్ళుంటాయేమో. కొంగు లోపల గుప్పెడంత బిడ్డ, తలకు ఉన్ని టోపీ. సత్తెమ్మగారు తూచి, ఒక చేత్తో బిడ్డను పట్టుకుని ఇంకో చేత్తో తూకం కొట్టింది. తొందరలో అంకె తర్వాత దశాంశ చుక్క రెండుసార్లు పడింది. తెర ఎర్రబడి ఆగిపోయింది. తూకం అంకెలా లేదు, మళ్ళీ తూచి రాయండి, అని వచ్చింది.

"ఏందమ్మా, మళ్ళనా?" అంది ఆ తల్లి. బిడ్డకు అప్పుడే బట్టలు చుట్టి, పాలకు పట్టుకుంది. "పొద్దుగాల్ల నుంచి నిలబడ్డం. ఇప్పుడిప్పుడే ఊకుండు వీడు."

"కంప్యూటర్ ఆగింది" అన్నారు వెనక ఎవరో. "మొన్నటిదాంక మంచిగనే ఉండె గదా, ఎవరు ఖరాబ్ చేసిన్రు?" లైను అంతా ముందుకు తొంగి చూసింది. సత్తెమ్మగారు ఎవరి వైపూ చూడలేదు. నా వైపు కూడా.

బిడ్డ బట్టలు మళ్ళీ విప్పారు. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. సూది నిలబడడానికి చాలాసేపు పట్టింది. రెండు. సత్తెమ్మగారు ఒక్క వేలితో, జాగ్రత్తగా, రెండు కొట్టింది. తెర తేరుకుంది. ఆమె చీటీ మీద రాసి, సీసా చేతికిచ్చి, ఎన్ని చుక్కలో చెప్పింది.

ఆ తల్లి బిడ్డను కొంగులో సర్దుకుంటూ నా పక్క నుంచి పోయింది. నా చంకలో ఇందును చూసి, నేనూ లైనులో ఉన్నదాన్నే అనుకున్నట్టుంది.

"చూసినవా అక్కా, నాలుగు చుక్కలకు గింతసేపు నిలబెట్టిన్రు."

"చూశానమ్మా" అన్నాను.